కువైట్ దారి తెలిసిన మనకు చదువు దారి తెలియదా?

తనకల్లు, కదిరి, రాయచోటి ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు విదేశం అనే మాట కొత్తది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా కురవని నేల మనది. ఆ వానను నమ్ముకొని వేరుశనగ విత్తి, మేఘం ముఖం చాటేస్తే అప్పుల పాలై, చివరకు పాస్‌పోర్టు చేతబట్టుకొని గల్ఫ్ విమానం ఎక్కినవారు మన బంధువర్గంలో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. వీసా, మెడికల్, అఖామా వంటి మాటలు బడి ముఖం చూడని మన నానీలకు, దాదీలకు కూడా తెలుసు. కానీ ఒక మాట మాత్రం మన ఇళ్లలో వినబడదు. అది స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్, అంటే విద్యార్థుల మార్పిడి. ఈ శుక్రవారం ఆ మాట గురించే మన కుటుంబాలతో మాట్లాడదలిచాము.

విషయం చాలా సులభమైనది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకొనే విద్యార్థి ఒక సెమిస్టరు, అంటే నాలుగైదు నెలలు, విదేశంలోని మరో విశ్వవిద్యాలయంలో చదివి తిరిగి వస్తాడు. అక్కడ ఉత్తీర్ణుడైన సబ్జెక్టులు ఇక్కడి డిగ్రీలో లెక్కలోకి వస్తాయి. ఫీజు ఇక్కడి కాలేజీకే కడతాడు. రెండు విశ్వవిద్యాలయాల మధ్య మార్పిడి ఒప్పందం ఉంటే అక్కడ ట్యూషన్ ఫీజు అడగరు. డిగ్రీ ఇక్కడిదే, ఇల్లు ఇక్కడిదే. మధ్యలో ఒక్క సెమిస్టరు మాత్రం లోకం చూసి రావడానికి.

ఐరోపాలో ఈ పద్ధతికి ఎరాస్మస్ అని పేరు పెట్టి 1987లో మొదలుపెట్టారు. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు వెళ్లారు. ఆ తర్వాత లక్షలాది మంది ఆ దారిన నడిచారు. ఇప్పుడది ఐరోపాకే పరిమితం కాదు. భారతదేశంతో సహా ఇతర దేశాల విశ్వవిద్యాలయాలు కూడా ఐరోపా విశ్వవిద్యాలయాలతో ఒప్పందం చేసుకొని తమ విద్యార్థులను పంపవచ్చు. మన తెలుగునాట కూడా ఈ రాకపోకలు లేకపోలేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1998 నుంచి విదేశీ విద్యార్థులను సెమిస్టరు చదువులకు ఆహ్వానిస్తూ వచ్చింది. జేఎన్‌టీయూ స్వీడన్‌లోని బ్లెకింగే సాంకేతిక విద్యాసంస్థతో చేసుకొన్న ఒప్పందం మరో ఉదాహరణ. ఎక్కడో అమెరికాలో పుట్టిన పిల్లలు గచ్చిబౌలికి వచ్చి, మన అన్నం తిని, మన మాట నేర్చుకొని వెళ్తుంటే, గచ్చిబౌలికి ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉన్న మన పిల్లలకు ఇటువంటి ఏర్పాటు ఒకటి ఉందన్న సంగతే తెలియకపోవడం ఎంత విచారకరం!

విద్య కోసం ప్రయాణించడం మనకు కొత్తగా ఎవరో నేర్పవలసిన పాఠం కాదు. ఈ సందర్భంలో చైనాకు వెళ్లి అయినా విద్య నేర్చుకొమ్మన్న మాటను చాలామంది ప్రవక్త (స) వాక్యంగా ప్రస్తావిస్తుంటారు. హదీసు పండితులు దానిని బలహీనమైనదిగా, కొందరు కల్పితంగా కూడా తేల్చారు. మనకు ఆ మాట అవసరం కూడా లేదు. అంతకంటే గట్టి సాక్ష్యం సహాబీల జీవితాల్లోనే ఉంది. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసు కోసం ఒంటెను కొని, నెల రోజులు ప్రయాణించి, షామ్ దేశంలో ఉన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) గారి గుమ్మం తట్టారు. ఈ ప్రయాణాన్ని ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ గ్రంథంలోని విద్యా ప్రకరణంలో ప్రస్తావించారు. హదీసు సంకలనకర్తలు ఊరూరా తిరిగి చేసిన ఇటువంటి ప్రయాణాల మీద ఖతీబ్ బగ్దాదీ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. గమనించండి, హజ్రత్ జాబిర్ (రజి) అక్కడ స్థిరపడడానికి వెళ్లలేదు. కావలసినది నేర్చుకోవడానికి వెళ్లారు, నేర్చుకొని తిరిగి వచ్చారు. సెమిస్టరు చదువు స్వభావం కూడా ఇదే.

మన దేశంలో కూడా ఈ ఒరవడి పాతదే. 1906లో బొంబాయికి చెందిన అతియా ఫైజీ అనే ముస్లిం యువతి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో ఉపాధ్యాయ శిక్షణ కోసం లండన్ వెళ్లారు. అక్కడ ఉన్నది ఏడాది కాలమే. ఆరోగ్యం సహకరించక శిక్షణ పూర్తికాకుండానే తిరిగి వచ్చారు. అయినా ఆ ఏడాది వృథా కాలేదు. అక్కడి నుంచి ఆమె రాసి పంపిన దినచర్య లాహోరు నుంచి వెలువడే తహ్‌జీబె నిస్వాన్ అనే స్త్రీల పత్రికలో వరుసగా వచ్చింది. పర్దా వెనక ఉన్న వేలాది స్త్రీలకు ఆ పేజీలు ఒక కిటికీ తెరిచాయి. డిగ్రీ చేతికి రాకపోయినా చదువు ఒక్కరితో ఆగలేదన్నమాట. అంతకు ముందే, 1895లో, హైదరాబాదు నుంచి పదహారేళ్ల సరోజినీ చట్టోపాధ్యాయ నిజాం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్లారు. ఆమే తర్వాత మనందరికీ తెలిసిన సరోజినీ నాయుడు.

కరవు నేలలో ఉన్న మనం ప్రత్యేకంగా తలచుకోవలసిన పేరు మరొకటి ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1896లో నిజాం ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్లి చదువుకొన్నారు. అక్కడే ఉండిపోలేదు. తిరిగి వచ్చి హైదరాబాదు రాజ్యంలో చెరువులు, జలాశయాలు కట్టించారు. మంజీరా నది మీద నిజాంసాగర్ ఆయన పేరు చెబుతుంది. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకొంటారు. ఒక ముస్లిం యువకుడు సముద్రం దాటి నేర్చుకొన్న విద్య రైతు పొలంలో నీరుగా పారింది. నీటి కోసం కళ్లు కాయలు కాచిన తనకల్లు నుంచి అటువంటి విద్యార్థి ఒక్కడు బయలుదేరితే చాలదా?

ఇక మన తల్లిదండ్రుల మనసులో ఉన్న సందేహాలకు వద్దాం. అవి నిరాధారమైనవి అనడం లేదు. ఒక్కొక్కటీ విడివిడిగా చూద్దాం.

మొదటిది డబ్బు. అమెరికాలో పూర్తి డిగ్రీ చదవాలంటే పాతిక, ముప్పై లక్షల మాట. దానికి భూమి అమ్మాలి, లేదా వడ్డీకి అప్పు తేవాలి. వడ్డీ అన్న మాట దగ్గరే మనలో చాలామంది ఆగిపోతారు, ఆగవలసిందే కూడా. సెమిస్టరు సంగతి వేరు. జర్మనీ ప్రభుత్వం 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి ఖర్చు నెలకు 992 యూరోలుగా లెక్కగట్టి, అంత సొమ్ము చూపించమంటోంది. యూరోకు నూరు రూపాయల చొప్పున వేసుకొన్నా అయిదు నెలలకు దాదాపు అయిదు లక్షలు. ఎరాస్మస్ కింద ఎంపికైతే మన వంటి దేశాల విద్యార్థులకు నెలకు 800 నుంచి 900 యూరోల దాకా, ఆపైన ప్రయాణ ఖర్చుకు కొంత ఇస్తారు. అంటే నెలసరి ఖర్చులో ఎక్కువ భాగం దానితోనే గడిచిపోతుంది. మిగిలేది వీసా రుసుము, బీమా, చలి బట్టలు, చేతి ఖర్చు. ఇది కూడా చిన్న మొత్తం కాదు. కానీ అప్పు లేకుండా, నలుగురు బంధువులు చేయి కలిపితే సమకూరే మొత్తం. పెళ్లి భోజనాలకు మనం ఒక్క పూటలో పెట్టే ఖర్చు గుర్తు చేసుకోండి.

ఇక్కడ మన ఊరి కుటుంబాలకు మాత్రమే అర్థమయ్యే ఒక చిక్కు ఉంది. వేరుశనగ జూన్, జూలైలలో విత్తుతాం. కాయ ఇంటికి చేరేసరికి అక్టోబరు, నవంబరు. ఐరోపాలో మొదటి సెమిస్టరు సెప్టెంబరు, అక్టోబరులలో మొదలవుతుంది. అంటే టికెట్టుకు, వీసాకు డబ్బు కావలసింది సరిగ్గా విత్తనాలకు, ఎరువులకు చేతిలో ఉన్నదంతా ఖర్చయిన రోజుల్లో. పైగా గ్రాంటు డబ్బు చాలాసార్లు విద్యార్థి అక్కడికి చేరాకే చేతికందుతుంది. అందుచేత రైతు బిడ్డలు రెండో సెమిస్టరుకు దరఖాస్తు పెట్టుకోవడం మేలు. స్వీడన్‌లో అది జనవరిలో, జర్మనీలో ఏప్రిల్‌లో మొదలవుతుంది. అప్పటికి కాయలు అమ్ముడుపోయి ఉంటాయి.

రెండవది దీన్ గురించిన భయం. అక్కడికి వెళ్తే నమాజు తప్పుతుందేమో, తిండి హరామ్ అవుతుందేమో, పిల్లవాడు మారిపోతాడేమో అని తల్లి గుండె కొట్టుకొంటుంది. ఈ భయానికి మనకంటే ముందే సమాధానం వెతికిన వారున్నారు. ఇంగ్లండులో చదువుకొనే మన విద్యార్థులకు నమాజు చేసుకొనే చోటు ఉండాలని భోపాల్ బేగం షాజహాన్ ధనసహాయం చేయగా 1889లో వోకింగ్ పట్టణంలో మస్జిద్ వెలిసింది. నేటికీ అది షాజహాన్ మస్జిద్ పేరుతోనే ఉంది. ఉత్తర అమెరికాలో 1963లో ముస్లిం విద్యార్థులు తమ సంఘాన్ని ఏర్పాటు చేసుకొన్నారు. జర్మనీ నగరాల్లో తుర్కీ కుటుంబాలు రెండు మూడు తరాలుగా స్థిరపడి ఉన్నాయి కనుక హలాల్ మాంసం దుకాణం వెతుక్కోవడం కష్టం కాదు. ఇక రంజాన్ విషయం. ఉత్తర ఐరోపాలో వేసవి పగలు చాలా పొడవైన మాట నిజమే. కానీ రంజాన్ ఏటేటా ముందుకు జరుగుతూ చలికాలంలోకి వచ్చింది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి రంజాన్ మొదలవుతుంది. ఆ రోజుల్లో అక్కడి పగలు మన తనకల్లు పగటికంటే చిన్నది.

అసలు మాట ఒకటి చెప్పుకోవాలి. ఇంట్లో నమాజు అలవాటైన బిడ్డ బెర్లిన్‌లోనైనా చాప పరుస్తాడు. ఇంట్లో అలవాటు లేని బిడ్డకు బెంగళూరులో కూడా గుర్తు రాదు. తర్బియత్ ఊరిని బట్టి కాదు, ఇంటిని బట్టి ఉంటుంది.

మూడవది, అన్నిటికంటే బరువైనది, ఆడపిల్లల సంగతి.

మహ్రం తోడు లేకుండా స్త్రీ దూరప్రయాణం చేయడం గురించి హదీసులు ఉన్నాయి. వాటిని తేలికగా తీసుకొమ్మని మేము అనడం లేదు. ఫిఖహ్ పండితుల్లో కొందరు అనుమతి లేదన్నారు. మరికొందరు దారి సురక్షితమై, నమ్మకమైన తోటివారు ఉంటే అనుమతి ఉందన్నారు. మీరు నమ్మే ఆలిం దగ్గరకు వెళ్లి, ప్రయాణం ఎలాంటిదో, వసతి ఎక్కడో, తోడు ఎవరో అన్నీ వివరించి అడగండి. అది సరైన పద్ధతి. కానీ మాది ఒక ప్రశ్న ఉంది. ఈ ప్రాంతం నుంచి ఎందరో స్త్రీలు, బిడ్డల తల్లులు, కువైట్‌లో పరాయి ఇళ్లలో వంట చేయడానికి, బట్టలు ఉతకడానికి ఒంటరిగా వెళ్లారు. ముప్పై ఏళ్లు నిండని స్త్రీని ఇటువంటి పనికి పంపరాదని మన ప్రభుత్వం నిబంధన పెట్టవలసి వచ్చింది. ఇంటి పనివారి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోరాదని కువైట్ 2015లో చట్టం చేయవలసి వచ్చింది. ఆ తల్లి ఆ విమానం ఎక్కిన రోజు మహ్రం ఎవరని ఎంతమందిమి అడిగాము? అప్పుడు అవసరం అన్నాము, గత్యంతరం లేదన్నాము. అదే తల్లి పంపిన డబ్బుతో చదువుకొన్న కూతురు, మంచి మార్కులు తెచ్చుకొని, విశ్వవిద్యాలయం పంపగా, తోటి విద్యార్థినులతో కలిసి, ఆడపిల్లల హాస్టలులో ఉండి, అయిదు నెలలు చదువుకొని వస్తానంటే మాత్రం ధర్మశాస్త్రం, ఇరుగుపొరుగు, ఊరి మాట అన్నీ ఒక్కసారిగా గుర్తుకొస్తాయి.

నిబంధన అయితే ఇద్దరికీ నిబంధనే కావాలి. మినహాయింపు అయితే ఇద్దరికీ మినహాయింపే కావాలి. చీపురు పట్టడానికి దారి తెరిచి, పుస్తకం పట్టడానికి మూసివేయడం న్యాయం కాదు. ఆ తల్లులు ఎడారి ఎండలో కష్టపడింది తమ కూతుళ్లు తమలాగా వెళ్లకూడదనే. కూతురు మరోలా వెళ్తానన్నప్పుడు అడ్డు నిలవడం ఆ కష్టాన్ని గౌరవించడం అవుతుందా? ఇంట్లో పెద్దలు కూర్చొని ఆలోచించాలి.

ప్రభుత్వాల బాధ్యత కూడా అడుగుదాం. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు పథకాలు వచ్చాయి, పోయాయి. కేంద్రం 2013-14లో మొదలుపెట్టిన పఢో పరదేశ్ అనే వడ్డీ రాయితీ పథకాన్ని 2022-23 నుంచి నిలిపివేసింది. తెలంగాణ 2015లో మైనారిటీలకు విదేశీ విద్యా స్కాలర్‌షిప్ తెచ్చి, ఇరవై లక్షల దాకా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతూ ఇటువంటి పథకం నడిచింది. వీటన్నిటిలో ఒక లోపం ఉంది. అవన్నీ విదేశంలో పూర్తి డిగ్రీ చదివేవారి కోసమే. సెమిస్టరు కోసం వెళ్లే పేద విద్యార్థికి వాటిలో తలుపు లేదు. ఒక్క విద్యార్థికి ఇచ్చే ఇరవై లక్షలతో నలుగురు విద్యార్థులు సెమిస్టరు చదివి రాగలరు. ఆ నలుగురూ తిరిగి మన మధ్యకే వస్తారు. పాలకులు ఈ లెక్క వేసుకోవాలి. అలాగే ఫీజు రీయింబర్స్‌మెంటుకు హాజరు నిబంధన ఉంది. విదేశంలో చదివిన సెమిస్టరును ఇక్కడి హాజరుగా పరిగణిస్తామని స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే పేద విద్యార్థి రెంటికీ చెడ్డ రేవడి కాకుండా ఉంటాడు.

విశ్వవిద్యాలయాల వంతు మరొకటి. విదేశీ సంస్థలో సంపాదించిన క్రెడిట్లను 30 శాతం దాకా డిగ్రీలో కలుపుకొనేందుకు యూజీసీ 2022 నిబంధనల్లో వీలు కల్పించింది. నాక్ మదింపులో కనీసం 3.01 స్కోరు వంటి అర్హతలు ఉన్న సంస్థలు యూజీసీ అనుమతి కోసం వేచి ఉండనక్కరలేదు. అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో జేఎన్‌టీయూ అనంతపురం, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఈ మూడింటిలోనూ మన పిల్లలు ఉన్నారు. విదేశీ ఒప్పందాలు ఏవున్నాయో, ఎవరికి అర్హతో, గడువు ఎప్పుడో నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టమని అడిగే హక్కు మనకుంది. ఇంగ్లీషులో వచ్చిన సర్క్యులరు ప్రొఫెసరు గది దాటకపోతే పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఎలా తెలుస్తుంది?

అడుగు వేయదలచిన కుటుంబాలకు కొన్ని జాగ్రత్తలు.

మొదట పేరు. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ మన పిల్లలకు పెద్ద అడ్డంకి. పదో తరగతి సర్టిఫికెట్టులో షేక్ అనేది ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. మరో చోట పేరు చివర చేరుతుంది. ఒక చోట బీ, మరో చోట బేగం. తండ్రి పేరులో బాషా అని ఒకచోట, పాషా అని మరొకచోట. విదేశీ విశ్వవిద్యాలయానికి, వీసా అధికారికి ఇవన్నీ వేర్వేరు మనుషులు. డిగ్రీ మొదటి ఏడాదిలోనే అన్ని కాగితాలనూ ఒకే పేరుకు తెచ్చి పాస్‌పోర్టు తీయించండి.

రెండవది, ఏజెంటు. నిజమైన మార్పిడి ఒప్పందం విశ్వవిద్యాలయానికీ విశ్వవిద్యాలయానికీ మధ్య జరుగుతుంది. ఎరాస్మస్ గ్రాంటుకు కూడా దరఖాస్తు మన విశ్వవిద్యాలయం ద్వారానే వెళ్తుంది. మధ్యలో కమీషను అడిగే మనిషికి పని లేదు. గల్ఫ్ ఏజెంట్ల చేతుల్లో మనం పడ్డ పాట్లు చాలు, చదువు పేరుతో మళ్లీ పడవద్దు.

మూడవది, వెళ్లే ముందే ఏయే సబ్జెక్టులు చదువుతారో, వాటికి ఇక్కడ ఎన్ని క్రెడిట్లు ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. తిరిగి వచ్చాక ఇవి చెల్లవు అంటే ఏడాది పోతుంది. నాలుగవది, ఒకే దేశాన్ని నమ్ముకోవద్దు. 2025 మే నెలలో అమెరికా విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలను కొన్ని వారాలు నిలిపివేసి, జూన్‌లో తిరిగి మొదలుపెట్టినప్పుడు సోషల్ మీడియా ఖాతాలను అధికారులు చూసేలా తెరిచి ఉంచమంది. దేశాల విధానాలు మన వానల వంటివే. రెండు మూడు చోట్ల విత్తనం వేసుకోవాలి.

అయిదవది జమాతు పెద్దలకు విన్నపం. ప్రతి ఊరి మస్జిద్ కమిటీకి ఏదో ఒక నిధి ఉంటుంది. ఏడాదికి ఒక్క విద్యార్థికి, ఒక్క విద్యార్థినికి విమాన టికెట్టు భరించడం అసాధ్యం కాదు. జకాత్ సొమ్ము వాడవచ్చా అన్నది ఆ విద్యార్థి స్థితిని బట్టి ఆలింలు చెప్పవలసిన విషయం. సద్‌ఖాకు, చేబదులుకు ఆ సందేహం కూడా లేదు. షరతు ఒక్కటే పెట్టండి. తిరిగి వచ్చాక ఆ విద్యార్థి సెలవుల్లో ఊరి పిల్లలను కూర్చోబెట్టి తాను చూసినది, నేర్చినది చెప్పాలి. దరఖాస్తు ఎలా పెట్టాలో తర్వాతివారికి చూపించాలి. బావిలో మొదటి బొక్కెన తోడినవాడు తాడు పైనే వదిలి వెళ్లాలి కదా.

చదువుకొంటున్న మన పిల్లలకు చివరగా ఒక మాట. బ్యాక్‌లాగులు లేకుండా చూసుకోండి, ఇంగ్లీషు మాట్లాడడానికి సిగ్గుపడకండి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సరిహద్దు దాటితే కన్నడం మాట్లాడే మీకు నాలుగో భాష భారం కాదు. సోమవారం కాలేజీకి వెళ్లినప్పుడు విదేశీ వ్యవహారాల కార్యాలయం ఎక్కడుందో కనుక్కోండి. లేదంటే ఎందుకు లేదని మర్యాదగా అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు, పదిమంది అడిగితే ఫైలు కదులుతుంది. తల్లిదండ్రులు మాత్రం ఆ రోజు సాయంత్రం బిడ్డ ఇంటికి వచ్చి ఈ మాట ఎత్తినప్పుడు, వద్దనే ముందు పూర్తిగా వినండి.